నడిమి అర్ర

ఎండకాలం వచ్చిందంటే మా అత్తకు గిరాకి పెరుగుతది.

ఈ మాట ఎగతాళికి అంటలేను. మా మరిది మల్లేష్ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు కరీంనగర్ పోయి నిలువెత్తు కూలర్ ఒకటి కొనుకొచ్చిండు. "ఇది అవ్వది. అవ్వ ఏడుంటే ఇది ఆడ్నే తిరగాలె" అని నలుగురి ముంగట చెప్పి విమానం ఎక్కిండు. అప్పటికే అన్నదమ్ముల పొయ్యిలు వేరైనయి. ఒక్కటే కిరాయి ఇల్లు, నడుమ రేకుల తడక. తడకకు ఇటు నేను, మా ఆయన హనుమండ్లు. అటు నా తోటికోడలు వినోద. మా దిక్కు యారాలు అంటం. మా అత్త సక్కుబాయి వంతులకు పడ్డది. ఒక అమాస నుంచి ఇంకో అమాస దాక నా దగ్గర తింటది, నా దగ్గర పంటది. ఆ తర్వాతి నెల వినోద దగ్గర. అమాస తెల్లారి ముందు మంచం, దాని వెనుక రేకుపెట్టె, దాని వెనుక కూలర్, అందరికంటె వెనుక చేతిల చెంబుతోని అత్త, ఇట్ల ఊరేగింపు లెక్క తడక దాటేది.

వేరే ఇండ్లల్ల ముసలోళ్లను మీరుంచుకోండ్రంటే మీరుంచుకోండ్రని లొల్లి. మా ఇంట్ల ఎండకాలం నెలల కోసం లొల్లి. ఆ ఏడు చైత్రం వినోదకు పడ్డది, వైశాఖం నాకు, జ్యేష్ఠం మళ్లా వినోదకే. రెండు మండే నెలలు ఆమెకు, ఒక్కటి నాకు. ఉగాది పూట మా ఆయన కూలర్‌ను ఎత్తుకపోతుంటే నా పాణం ఉసూరుమన్నది.

నేను, వినోద ఒకరితోని ఒకరం మాట్లాడం. మాట్లాడమంటే నోరు మూసుకొని ఉంటమని కాదు. నేను నా కుట్టుమిషన్‌కు చెప్త, ఆమె తీగ మీది బట్టలకు చెప్తది. ఆ రోజు కూడ ఆమె కూలర్ మూత తీసి చూసి, ఆరేసిన చీరతోని అన్నది: "ఉన్న నీళ్లన్ని ఒంపుకొని ఉత్త డబ్బ పంపిండ్రమ్మా." నేను మిషన్ తొక్కుకుంట, "చలికాలమంత రగ్గులు కప్పి, కాళ్లొత్తి పంపినం. అది ఎవలకు యాదికుంటది" అన్న. నడుమ మంచం మీద కూసున్న అత్త, "ఆ చీరకు, ఆ మిషన్‌కు ఎన్ని తెలివితేటలో" అని చెంబెడు నీళ్లు తాగి పండుకున్నది. ఆమె ఆసిఫాబాద్ దిక్కు పిల్ల. కొత్తల మరాఠి కలిపి మాట్లాడేదట. యాభై ఏండ్లల్ల ఆ మాట పోయింది గాని తొందరపడని గుణం పోలే.

మా ఊరి అవతల, సాంచెల మీద పనిచేసేటోళ్ల కోసమని సర్కారు ఇండ్లు మొదలుపెట్టి రెండేండ్లు దాటింది. సాంచెలంటే కరెంటు మగ్గాలు. పిల్లర్లు లేసినయి, మీద స్లాబు పడ్డది, అంతటితోని పని ఆగింది. గోడల్లేని ఇండ్లు వరుసగా, పెండ్లి అయిపోయినంక విప్పని పందిళ్ల లెక్క నిలవడ్డయి. కింద మేకలు పండుకునేటియి. ఉగాది దాటిన వారానికి పని మళ్లా సురువైతుందని, కొత్త ఇంజనీరు మేడం వచ్చిందని దండోరా వేసిండ్రు.

మేడం పేరు పద్మలత. ఖానాపూర్ ఆడపిల్ల, స్కూటీ మీద వచ్చింది. మమ్ముల అందరినీ ఒక స్లాబు కింద నీడకు కూసోబెట్టింది. మేమంత ఇండ్లు ఎప్పుడిస్తరని అడుగుదామని పోతే, ఆమె మమ్ముల్నే అడుగుడు పెట్టింది. ఇంట్ల ఎంతమంది, ఎవలెవలికి ఎన్నేండ్లు, ఎవలికి మోకాళ్ల నొప్పులు, ఎవలింట్ల పెండ్లి ఉన్నది, ఎవలు గల్ఫుల ఉన్నరు, వాపసొస్తే ఏం పనిచేస్తరు. మా యూనియన్ లీడరు శ్యాంసుందర్ సంబంధం చూడొచ్చినట్టున్నదని నవ్విండు.

"గోడలు ఇంకా లేవలే గదా, అదే మన అదృష్టం" అన్నది మేడం. బరువంత పిల్లర్లే మోస్తయట. లోపలి గోడలు ఉత్త తెరలట, ఏడ అక్కెర ఉంటే ఆడ కట్టొచ్చు, పదేండ్ల తర్వాత తీసెయ్యొచ్చు. ఇల్లు కట్టేనాడు ఇంట్ల ఎవలున్నరో చూసి కడతరు గాని, ఇంట్లోళ్లు అట్లనే ఉండరు గదా అన్నది. పిల్లలు పెరుగుతరు, కోడలొస్తది, నడిచేటోళ్లు కట్టె పట్టుకుంటరు, ఒకనాడు ఇరుకైన ఇల్లు ఇంకోనాడు బోసిగైతది.

నా పక్కన మా గల్లి బాలవ్వ కూసున్నది. ఆమెకు అర్థమైతదని నేను మెల్లగ చెప్పిన, ఎదిగే పిల్లకు జాకెట్ కుట్టేటప్పుడు లోపల బట్ట మడిచి పెడతం గదా, ఒళ్లు వస్తే కుట్టు విప్పి వదులు చేస్తం, గట్లనే అని. మేడం చెవిన పడ్డది. నవ్వి, ఆ తర్వాత ప్రతి మీటింగుల ఆ జాకెట్ ముచ్చటే చెప్పింది. నా పేరు మాత్రం ఒక్కనాడన్న చెప్పలే.

లొల్లి రెండు కాడ లేసింది. ఒకటి గడప కాడ. కట్టె పట్టుకొని నడిచేటోళ్లకు, చక్రాల కుర్చీకి, పాకే పిల్లకు అడ్డమొస్తదని గడపలే వద్దన్నది మేడం. ఆడోళ్లమంత ఒక్కసారే లేసినం. గడప లేని ఇల్లు ఇల్లెట్లయితది, అది బస్టాండు గాని. పసుపు దేనికి రాయాలె, కొత్త కోడలు దేన్ని దాటాలె? మేడం శానసేపు విన్నది. ఆఖరుకు గడప ఉంటది గాని నేలల దిగి ఉంటది, పైన నున్నగ నేలతోని సమానంగ ఉంటదన్నది. బాలవ్వ ఆలోచించి, కాలుకు తగలకపోయినా కంటికి కనవడితే చాలని ఒప్పుకున్నది.

రెండో లొల్లి నడిమి అర్ర కాడ. రెండేసి ఇండ్లకు నడుమ ఒక అర్ర. దానికి ఇటొక తలుపు, అటొక తలుపు, ముంగట రోడ్డు దిక్కు పెద్ద కిటికీ. ఏ ఇంటికి అక్కెర పడితే ఆ దిక్కు తలుపు తెరుచుకుంటది, అవతలిది మూసుకుంటది. ఈ ఏడు మీ ఇంట్ల ఉన్న అర్ర, నాలుగేండ్లకు పక్కింట్లకు పోవచ్చు.

"అర్ర పోవుడేంది మేడం, అదేమన్న బర్రెనా?" అన్నడు శ్యాంసుందర్. "సరే గాని, అది ఎవని పేరు మీద ఉంటది?"

"ఇద్దరి పేరు మీద. ఇద్దరు మాట్లాడుకొని తీర్మానం చేసుకోవాలె."

ఇంటిపేరు ఒక్కటే అయ్యేసరికి మా ఇండ్లు రెండూ పక్కపక్కనే పడ్డయి. ఇద్దరు మాట్లాడుకొని అనంగనే స్లాబు కింద ఉన్నోళ్లందరు ఒకసారి నన్ను చూసిండ్రు, ఒకసారి వినోదను చూసిండ్రు. తర్వాత ఎవలు ముందు నవ్విండ్రో తెల్వదు, అందరు నవ్విండ్రు.

నేను నవ్వలే. నా మనసు అప్పటికే ఆ అర్రల మంచం వేసింది.

నా బిడ్డ రవళిని లక్సెట్టిపేట ఇచ్చినం. తొలి కాన్పు, వానలు మొదలయ్యే మిరుగం కార్తెకు నెలలు నిండుతయి. వాళ్లది మంచి ఇల్లు, వియ్యపురాలు మనసున్న మనిషి. ఆమె ఫోన్ చేసి, "మీకు జాగ లేదు గదా వదినా, ఫికర్ పెట్టుకోకుండ్రి, పిల్లకు పురుడు మేమే చేసుకుంటం" అన్నది. చెడ్డ మాట కాదు. కాని మా ఒక్క అర్రల మిషన్, బియ్యం, నేను. మా ఆయన పంచల పంటడు. గోడ అవతల సాంచెలు పొద్దంత దడదడమంటయి. బాలింతను ఏడ పండవెట్టాలె? అంత తెలిసి కూడ, తొలి కాన్పుకు బిడ్డను తెచ్చుకోలేని తల్లి అనిపించుకుంటినా అని గుండెల కలుక్కుమన్నది. నా నోటి నుంచి మాట వచ్చేసింది: "మిరుగం లోపల కొత్తింట్ల పాలు పొంగిస్తం వదినా. నా బిడ్డకు అర్ర ఉన్నది."

ఆ వారమే వినోద తీగ మీద దుప్పటి ఆరేసుకుంట గల్లికంత వినవడేటట్టు చెప్పింది. మల్లేష్ ఇగ వాపసొస్తున్నడట. మస్కట్‌ల మెట్ల మీదికెళ్లి జారి మోకాలు విరిగిందట. సాంచె కాడ నిలవడి పనిచేసుడు కాదు. నడిమి అర్రకు రోడ్డు దిక్కు కిటికీ ఉన్నది గదా, ఆడ దుకాణం పెట్టుకుంటడట. "మనిషి కూసుండి బతికే తొవ్వ అదొక్కటే ఉన్నది" అన్నది దుప్పటితోని. చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎప్పటి లెక్క లేదు. నేను మిషన్‌తోని ఏం అనలే.

*

గోడలు లేపే ముందు మేడం ఒక ఏర్పాటు చేసింది. స్లాబు కింద నేల మీద, గోడలు వచ్చే జాగల మేస్త్రీ భూమన్నతోని సున్నంతోని ముగ్గు పోయించింది. తలుపులు వచ్చే కాడ గీత ఆపించింది. సామాన్లు తెచ్చుకొని ఒక దినమంత ఆ గీతలల్ల సంసారం చేయుండ్రని చెప్పింది. వండుకోవాలె, తినాలె, పండుకోవాలె, పొద్దుమూకే వరకు ఏడ ఇబ్బందైతుందో చెప్పాలె. కట్టినంక తప్పు కనవడితే గడ్డపార కావాలె, ముగ్గుకైతే చీపురు చాలన్నది.

ఆ రోజును నేను మర్చిపోను. జాతర లెక్క ఉండె. ఆటోలల్ల, తోపుడు బండ్ల మీద మంచాలు, గ్యాస్ పొయ్యిలు, నీళ్ల బిందెలు వచ్చినయి. గోడల్లేని ఇండ్ల మీదికెళ్లి గాలి గలగలమని కొట్టింది. అన్నిటికంటె తమాష, ఎవలు చెప్పకుండనే అందరు చెప్పులు సున్నపు గీతకు అవతలనే ఇడిచిండ్రు. ఎవలన్న గీత దాటి నడిస్తే గోడల నుంచి వచ్చినట్టు చూసిండ్రు. శ్యాంసుందర్ ఫోన్ మాట్లాడుకుంట మా వంటింటి గోడలకెళ్లి నడిచి వచ్చిండు.

"ఏంది లీడరు సాబ్, గోడలకెళ్లి వస్తున్నవు, దయ్యమైనవా?" అన్నది బాలవ్వ.

ఆయన నిజంగనే తడబడి, వెనుకకు పోయి, తలుపు కాడికెళ్లి వచ్చిండు. మేడం ఆయన్నే పట్టుకొని చక్రాల కుర్చీల కూసోబెట్టి తానాల అర్రకు తోసుకపోయింది. తలుపు కాడ కుర్చీ ముగ్గును తొక్కింది, చక్రం సున్నమైంది. లీడరు ఇరుక్కున్నడని పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. భూమన్న వచ్చి గీత చెరిపి తలుపు వెడల్పు చేసిండు. పొద్దటి నుంచి ఇట్ల ఎన్ని గీతలు జరిగినయో. మా వంటింటి గట్టు నా నడుము ఎత్తుకు తగ్గింది, వినోద వంటింట్ల కిటికీ పొయ్యి మీదికి వచ్చింది.

నేను మాత్రం తెల్లారంగనే నడిమి అర్రల ఒక మంచం వేసి ఉతికిన దుప్పటి పరిచిన. వంట చేసి తిరిగి చూసేసరికి మంచం ఒక మూలకు జరిగి ఉన్నది, కిటికీ కాడ పలక మీద నాలుగు బిస్కిట్ల సీసాలు ఉన్నయి. నేను మంచాన్ని మళ్లా నడుమకు జరిపిన. నీళ్లు తాగి వచ్చేసరికి మంచం మీద సబ్బుల డబ్బ.

"ఓ డబ్బా, బాలింత పండే మంచం మీద నీకేం పని?" అన్న.

వినోద తన తలుపు కాడ నిలవడి, "ఓ మంచమా, కాళ్లు విరిగినోడు రోడ్డు మీద కూసోవాల్నా?" అన్నది.

"ఓ డబ్బా, పిల్లను తీసుకొస్త అని నేను మాటిచ్చిన."

"ఓ మంచమా, మాటలు అందరికి ఉన్నయి. మోకాళ్లు కొందరికే లేవు."

మా సుట్టు జనం జమైండ్రు. అయితే ఒక్కలన్న లోపలికి రాలే. ముగ్గుకు అవతల, గోడకు ఆనుకున్నట్టు నిలవడి చూసిండ్రు. మేడం ఒక అడుగు వేసి ఆగింది. ఇది గీత జరిపితే తీరే లొల్లి కాదని ఆమెకు కూడ తెలిసినట్టున్నది.

అప్పుడు అత్త వచ్చింది. చైత్రమాసం గనుక ఆమె మంచం వినోద ముందరి అర్రల ఉన్నది. అత్త భూమన్నను పిలిచి ఆ మంచం ఎత్తించి, వినోద తలుపుకెళ్లి నడిమి అర్రల పెట్టించింది. నా మంచాన్ని, బిస్కిట్ల సీసాలను ఒక పక్కకు జరిపించింది. కాళ్లు దులుపుకొని ఎల్లెలుకల పండుకున్నది. స్లాబు దిక్కు చూసుకుంట మేడంను అడిగింది:

"బిడ్డా, గీ రెండు తలుపులకు గొళ్లెం ఏ దిక్కు పెడుతవు?"

ఎవలి దిక్కు వాళ్లకు పెడతం అవ్వా అని మేడం అన్నది.

"నా దిక్కు పెట్టు. రెండిటికి లోపలి దిక్కే పెట్టు." అత్త గొంతు పెంచలే. "ఇన్నేండ్లు వంతు మారినప్పుడల్ల నేను లేసి పోయిన. మంచం పోయింది, పెట్టె పోయింది. ఇగ నేను లేవ. అర్రనే వంతుకు పోతది. ఎవలి వంతైతే ఆ దిక్కు తలుపు తీస్త."

మాకు రెండు ఇండ్లు వచ్చినయని సంబురపడ్డం గాని, అత్త ఏడ పంటదని అప్పటిదాక మా ఇద్దరిల ఒక్కలం అనుకోలే. కూలర్ ఏడ పెట్టాల్నో మాత్రం నేను అనుకున్న.

మేడం కింద కూసుండి, సున్నంల వేలు అద్ది, రెండు తలుపుల కాడ లోపలి దిక్కు చిన్న చిన్న గుర్తులు పెట్టింది. వినోద తన సీసాలు తీసుకున్నది. నేను నా దుప్పటి మడిచిన.

*

గోడలు లేసినయి. తెల్లారి, మాపటికి నీళ్లు పట్టే పని ఆడోళ్లం పంచుకున్నం. నడిమి అర్ర గోడలు ఎవలి పంచుకు రాలే. వినోద పడతదో లేదో అని నేను పట్టిన, నేను పడతనో లేదో అని ఆమె పట్టింది. కూలర్ రావాల్సిన నాడు వచ్చింది, వైశాఖం నాదయింది, ఎండ నెత్తి మీద నిప్పులు పోసింది, మేము గోడలకు నీళ్లు పోసినం. భూమన్న ఒకనాడు మేకు కొట్టబోతే మేకు వంగింది. కాలనీ మొత్తంల ఇంత నీళ్లు తాగిన గోడ లేదని, మీరిద్దరు ఇట్లనే కొట్లాడుకోండ్రని నవ్విండు.

మల్లేష్ వచ్చిండు. కట్టె పట్టుకొని, మా ఆయన భుజం మీద చెయ్యేసి ఇల్లు చూడొచ్చిండు. నడిచి నడిచి ముందరి అర్ర దాటి వంటింట్లకు పోయినంక వెనుకకు తిరిగి, "గడప ఏది?" అని అడిగిండు. దాటి వచ్చినవు గదా అన్నది అత్త. అతను నేల దిక్కు చూసిండు. పచ్చగ రంగేసిన కట్టె, నేలతోని సమానం. వినోద కొంగు సర్దుకునే నెపంతోని అటు తిరిగింది. అత్త కొడుకును తన కిటికీ కాడికి పిలిచి, దాని అరుగు చూపెట్టింది. "గీ కిటికీల దుకాణం పెట్టుకో. నువ్వు బయిట అరుగు మీద, నేను లోపట మంచం మీద. ఇద్దరం కూసున్నోళ్లమే" అన్నది. తల్లికొడుకులు నవ్వుకున్నరు.

వినోదకు తొవ్వ దొరికింది. నేనే మిగిలిన. రవళి ఫోన్ చేసినప్పుడల్ల అర్ర అయిందా అవ్వా అని అడుగుతుంటే, అయితుంది బిడ్డా అని మాట మళ్లిస్తున్న.

ఒక పగటిపూట అత్తకు కాళ్లొత్తుతున్న. కూలర్ గాలికి ఆమె నెరిసిన వెంట్రుకలు ఎగురుతున్నయి. కండ్లు మూసుకొనే అడిగింది, రవళికి ఎన్ని నెలలని. మిరుగానికి నిండుతయని చెప్పిన. ఏడ పండవెడుతవని అడిగింది. నేను ఇంకో కాలు అందుకున్న.

"ఆ అర్ర కోసం మంచాన్ని అడిగినవు, డబ్బను అడిగినవు" అన్నది అత్త. "నన్ను అడగకపోతివి."

నాకు సిగ్గయింది. చేతులు ఆగినయి. "నీ అర్రల నా బిడ్డను పండనిస్తవా అత్తా?" అన్న.

"పండనియ్యనా మరి. మునిమనుమరాలో మునిమనుమడో నా పక్కల పండుతడంటే చేదా? కాని వంతు వంతే."

ఆఖరి ముక్క నేను సరిగ్గ వినలే. విన్నా తలకెక్కలే. అప్పుడే లేసి రవళికి ఫోన్ చేసిన.

*

ఆషాఢం పడితే ఇల్లు చేరరాదు. జ్యేష్ఠంలనే, బయిటి గోడలకు సున్నమన్న పడకముందే పాలు పొంగించినం. కడుపుతోనున్న ఆడపిల్ల ఉండంగ కొత్తింట్ల చేరొచ్చునా అని ఎవలో అనుమానం పెడితే, పిల్ల ఇంటిపేరు మారింది, పట్టింపు లేదని అత్త కొట్టేసింది. మిరుగం నాడు తొలి చినుకు పడ్డది. ఇంటింటి నుంచి చేపల కూర వాసన వస్తుండంగ రవళికి నొప్పులు మొదలైనయని అల్లుడు రంజిత్ ఫోన్ చేసిండు. కరీంనగర్ పెద్ద దవాఖానల ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్ల సల్లగున్నరు.

దవాఖాన నుంచి నేరుగ నా దగ్గరికే తెచ్చుకున్న. ఆటో దిగంగనే ఎర్రనీళ్లతోని దిష్టి తీసిన. గల్లి గల్లంత చూస్తుంటే నా బిడ్డను నా ఇంట్లకు నడిపించుకపోయిన. ఆ నాలుగు అడుగులల్ల నాకు కాళ్లు నేలకు ఆనలే. ముందరి అర్ర దాటి, నడిమి అర్ర తలుపు తోసిన. రాలే. మళ్లా తోసిన. లోపల గొళ్లెం పెట్టి ఉన్నది.

"ఎవలు?" అన్నది అత్త లోపలికెళ్లి.

"నేనే అత్తా, నవనీతను. రవళి వచ్చింది. తలుపు తియ్యి."

"గీ నెల వినోదది గదా. అటుకెళ్లి రాండ్రి."

నేను తలుపు దిక్కు చూస్తూ నిలవడ్డ. రవళికి ముందు అర్థంకాలే, అయినంక నవ్వాపుకోలేక కుట్లు గుంజుతున్నయని పొట్ట పట్టుకున్నది. బాపమ్మ మంచిగ చేసింది అవ్వా, పా అన్నది.

బయిటికి వచ్చి, పంచ వెంబడి నడిచి వినోద ఇంటి ముంగటికి పోయినం. ఆమె తలుపు బార్ల తీసి ఉన్నది. ఆమె కూడ తలుపు కాడనే ఉన్నది. కింద కొత్త గడప, పసుపు రాసి బొట్లు పెట్టింది. నేలతోని సమానంగ ఉన్న ఆ గడపను దాటడానికి నాకు కాలు లేవలే. పొయ్యిలు వేరైనప్పటి నుంచి నేను ఆమె ఇంట్ల అడుగు పెట్టలే.

"నిలవడ్డవేంది అక్కా?" అన్నది వినోద. "పసిపిల్లకు గాలి తగుల్తది. చెప్పులు ఆడ ఇడువు."

చీరతోని కాదు, దుప్పటితోని కాదు. నాతోని అన్నది. నేను చెప్పులు ఇడిచిన.

ఆ అమాస దాక రోజుకు ఎన్నిసార్లు వినోద ఇంట్లకెళ్లి నడిచిననో. పొద్దున చాయ్, పదికి పథ్యం బువ్వ, పగటికి కాచిన నీళ్లు, మాపటికి మళ్లా బువ్వ. మొదట్ల తల వంచుకొని సర్కారు ఆఫీసుల నడిచినట్టు నడిచిన. తర్వాత వినోద నా చేతిల గిన్నె మూత ఎత్తి చూసుడు మొదలుపెట్టింది. ఎల్లిపాయ తక్కువైందనేది. బాలింతకు ఎల్లిపాయ పడితేనే పాలు వస్తయని తన డబ్బల నుంచి తీసి వేసేది. నేను కూడ ఊకోలే. ఆమె వంటింట్ల ఉప్పు డబ్బ పొయ్యికి దూరం పెట్టుకున్నదని, చెయ్యి చాపి చాపి నడుము పడిపోతదని చెప్పిన. మరునాటికి డబ్బ జరిగింది.

పిల్లకు తానం పోసే పని వినోద ఎత్తుకున్నది. నాకు చేతకాక కాదు. ఆమె కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద పండవెట్టుకొని పోస్తుంటే ఆ పిల్ల ఏడ్వదు, నేను పోస్తే ఊరు లేపుతది. కిటికీల మల్లేష్ దుకాణం నడుస్తుంటే లోపల అత్త ఒక చేత్తోని షాంపూ ప్యాకెట్లు అందిచ్చుకుంట ఇంకో చేత్తోని పిల్లను జోకొట్టేది. ఏమీ అక్కెర లేనోళ్లు కూడ అగ్గిపెట్టె కోసమని వచ్చి కిటికీలకెళ్లి పిల్లను చూసి పోయేటోళ్లు. ఒకనాడు పద్మలత మేడం ఎవలో పెద్ద ఆఫీసర్లను తెచ్చింది. వాళ్లల్ల ఒకాయన, ఈ గది ప్రస్తుతం ఏ ఇంట్లో ఉందండీ అని అడిగిండు. అత్త పిల్లకు కాటుక పెట్టుకుంటనే, "మీకేం కావాలె సారూ, సబ్బా, బిస్కిటా?" అన్నది. మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

అమాస వచ్చింది. దాటింది. ఆషాఢం మొదటి పొద్దు నేను చీకటి విడవంగనే లేసి, ముందరి అర్ర ఊడ్చి, నడిమి తలుపు ముంగట కూసున్న. ఇన్నిరోజులు మూసి ఉన్న ఆ తలుపు లోపల అత్త దగ్గు వినవడ్డది. గొళ్లెం తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకున్నది. తలుపుల రవళి, ఆమె భుజం మీద పిల్ల. నా ఇంట్ల నా బిడ్డ. ఉగాది నాటి నుంచి నేను కోరుకున్నది అదే.

అదే నిమిషంల అవతలి దిక్కు తలుపుకు గొళ్లెం పడింది.

నేను పిల్లను ఎత్తుకున్న. ముద్దాడిన. కాని నా చెవులు ఆ మూసిన తలుపు మీదనే ఉన్నయి. పొద్దెక్కుతుంది. తానం పోసే పొద్దయింది. నేనే పోస్తనంటే పిల్ల ఏడుస్తదని తెలుసు. పిలుద్దామంటే, వంతు నాదైన నాడే ఆమెను పనికి పిలిచినట్టయితది. వీధి తలుపు ఊకనే తీసి పెట్టిన. రవళి నా మొఖం చూసింది.

పంచల అడుగుల చప్పుడైంది. వినోద వచ్చింది. ఒక చేతిల ఆవిర్లు లేస్తున్న బకెట్, ఇంకో చేతిల నూనె గిన్నె. నన్ను అడగలే. చెప్పులు ఇడిచి లోపలికి వచ్చి, ముందరి అర్ర నడుమ ఆగింది.

"తొవ్వల బియ్యం బస్తా పెట్టుకుంటరా ఎవలన్న? జరుపు."

నేను బస్తాను రెండు చేతులతోని గోడకు జరిపిన. ఆమె నన్ను దాటుకొని లోపలికి పోయింది. నీళ్లు మంచిగ కాగినయానే అని అత్త అడిగింది.

"కాగినయి గాని అత్తా, పెద్దామె ఇంట్లకెళ్లి వచ్చేసరికే సల్లగైనయి."

నేను లేసి నా పొయ్యి మీద ఇంకో గిన్నెడు నీళ్లు పెట్టిన.